మధ్యరకం హోటలు కావాలి

పక్కింటి టైలరమ్మ అందట: "మీ పిల్లని ఈ కళ్లతో చూశాను వదినా. కాలేజీ గేటు ముందు నిలబడి ఉంది. గాలి కాస్త గట్టిగా వీస్తే ఎగిరిపోయేట్టుంది. మెడ కింద ఎముకలకి నా టేపు తగిలించుకోవచ్చు."

ఈ మాట టైలరమ్మ కోళ్లమ్మతో అంది. కోళ్లమ్మ మొగుడితో అంది. మొగుడు కోళ్లగూటి చాటుకి పోయి, గొంతు తగ్గించి, ఫోన్లో కూతురికి చేరవేశాడు. టైలరమ్మ ఆ ఊరి మీదుగా బస్సులో వెళ్లిన మాట నిజమే. ఎముకలు మాత్రం సొంతంగా కుట్టింది.

"శనివారం వస్తున్నాం" అన్నాడు తండ్రి. "మీ అమ్మ మాట మీ అమ్మ మాటల్లోనే చెప్తున్నా, విను. 'అది రోజూ తినే చోటే నేనూ కూర్చుని తింటాను. తిండి తిండిలా ఉందా, సరే. లేదా, చదువూ లేదు గిదువూ లేదు, పెట్టె సర్దించి బస్సెక్కిస్తాను.'"

"నాన్నా, ఇంకా ఏడాది చదువుంది. మధ్యలో మానేస్తానా? నువ్వైనా చెప్పు."

"నేను చెబితే వినేదైతే కోళ్లగూటి వెనక ఎందుకు నిలబడతానే? ఆవిడ ఒక ఆలోచన మీద పొదగడానికి కూర్చుందంటే పిల్ల బయటికొచ్చేదాకా లేవదు." అవతల కోడి అరిచింది. ఫోను ఆగిపోయింది.

ఆ పిల్లని ఇంట్లోనూ కాలేజీలోనూ పిచ్చుక అనే పిలుస్తారు. పుట్టినప్పుడు పెట్టకోడి కన్నా తేలిగ్గా ఉందని తల్లి పెట్టిన పేరు. ఇప్పుడా పేరుకీ మనిషికీ పొత్తు కుదరడం లేదు. కాలేజీకొచ్చాక పిచ్చుక లంగాలు నడుము దగ్గర ఒకసారి వదులు చేయించింది, మళ్లీ వదులు చేయించింది, ఆ పైన వదలడానికి కుట్టులో గుడ్డ మిగల్లేదు. చిక్కిపోయిందన్న వార్త మాత్రం ఇంటి దగ్గర రోజురోజుకీ బలుస్తూ వచ్చింది.

దానికి కారణం పిచ్చుకే. కొత్తగా వచ్చినప్పుడు తల్లి ఫోన్ చేసి, "తిండి ఎలా ఉందే?" అని అడిగింది. "బాగుందమ్మా" అంది పిచ్చుక. తల్లి "సరేలే" అని పెట్టేసింది. పిచ్చుకకి ఆ రోజంతా మనసు మనసులో లేదు. మరుసటి ఆదివారం అదే ప్రశ్నకి "ఏం తిండమ్మా, గడ్డి. నీ చేతి ముద్ద గుర్తొచ్చి ఏడుపొస్తోంది" అంది. అంతే, తల్లి గొంతు గంట కొట్టినట్టు లేచింది. వండినవాళ్లని తిట్టింది, వడ్డించినవాళ్లని తిట్టింది, కూతురు ఇంటికొస్తే ఏమేం వండుతుందో చెప్పింది, ఏ కోడి ఎన్నాళ్లకి పొదిగిందో చెప్పింది. ఫోను వేడెక్కి చెవి కాలింది. ఆ వేడి పిచ్చుకకి నచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కడుపు నిండా తిని, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, తల్లికి ఫోన్ చేసి ఆకలి అని చెప్పేది.

"ఇప్పుడు ఏం చేస్తావే?" అంది గున్న. గున్న అంటే అదే గదిలో ఉండే పిల్ల. ఒళ్లూ, మనసూ, బట్టలూ అన్నీ పెద్దవే. "పోనీ మెస్సుకి తీసుకెళ్లు."

"మెస్సు సూపులోంచి గిన్నె అడుగున చెక్కిన పేరు చదవొచ్చు. అమ్మ ఒకసారి చదివిందంటే సాయంత్రం బస్సులో నేనుంటాను."

"అద్దాల హోటలు?"

"పళ్లెం చేటంత, తిండి చిటికెడు. పైగా అక్కడ రోజూ తింటున్నానంటే, దొంగతనం ఎప్పుడు మొదలెట్టావే అంటుంది."

"బస్టాండు దగ్గర బండి?"

"నిలబడి తినాలి. మా అమ్మ లెక్కలో నిలబడి తినేవి నాలుగు కాళ్లవే."

"అయితే నిజంగా తినే చోటికే తీసుకెళ్లు. పిన్ని దగ్గరికి."

పిచ్చుక మంచం మీద బోర్లా పడి తలగడలో మొహం దాచుకుంది.

కాలేజీ వెనక సందులో పిన్ని హోటలు. బోర్డు లేదు, పేరు లేదు. లోపలికి వెళ్లేటప్పుడు గుమ్మం తలకి తగులుతుంది, వచ్చేటప్పుడు కడుపుకి తగులుతుందని పిల్లలు చెప్పుకుంటారు. పిన్ని సన్నగా పొడుగ్గా గరిటెలాగే ఉంటుంది. గింజల సూపు చిక్కగా కాస్తుంది, రొట్టె అప్పటికప్పుడు కాల్చి పెడుతుంది. వద్దన్నవాడికి ఒకటి, చాలన్నవాడికి రెండు వేస్తుంది. అక్కడికి తీసుకెళితే తల్లి తిండిని చూస్తుంది, తిండి చూశాక కూతుర్ని చూస్తుంది, ఇన్నాళ్ల ఆదివారాలూ ఒక్క చూపులో బయటపడతాయి. బాగాలేని చోటికి తీసుకెళితే చదువు పోతుంది. బాగున్న చోటికి తీసుకెళితే పరువు పోతుంది, తల్లి మనసు విరుగుతుంది, విరిగాక చదువు ఎలాగూ పోతుంది.

"నాకు మధ్యరకం హోటలు కావాలే" అంది తలగడలోంచి. "తింటే బతికేలా ఉండాలి. తిన్నవాళ్లు సంతోషించకూడదు."

గున్న ఆలోచించి లేచి కూర్చుంది. "లైబ్రరీ ఎదురుగా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైబ్రరీ ఎదురు హోటల్లో ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉడకబెట్టిన గుడ్డు, నిన్నటి రొట్టె. ఆ హోటల్ని తిట్టినవాడు లేడు, మెచ్చినవాడు లేడు. తిన్న సంగతి తిన్నవాడికే గుర్తుండదు. అంతకన్నా మధ్యరకం ఆ ఊళ్లో దొరకదు. పైగా గున్న తన శీతాకాలం కోటు తీసి పిచ్చుకకి తొడిగింది. చేతులు వేళ్లని దాటాయి, భుజాలు మోచేతుల దాకా జారాయి. అద్దంలో చూసుకుంటే టైలరమ్మ మాటే నిజమనిపించింది.

శనివారం పొద్దు నడినెత్తికెక్కే వేళకి బస్సు దిగారు. ముందు కోళ్లమ్మ, చేతిలో గుడ్డ కట్టిన బుట్ట. వెనక ఆవిడ మొగుడు పొయ్యిల మేస్త్రి, భుజాన పనిముట్ల సంచి. గ్యాసు పొయ్యిలు బాగుచెయ్యడం ఆయన పని. పరామర్శకి వెళ్లినా ఆ సంచి దించడు. పరామర్శ ఇంట్లో కూడా వంటింటి వైపు ఒక చెవి వేసి ఉంచుతాడు.

కోళ్లమ్మ బుట్ట కింద పెట్టింది. మంచీ చెడ్డా అడగలేదు. కోటు కింద నుంచి రెండు చేతులూ కూతురి చంకల్లో దూర్చి, సంతలో కోడిని తూచినట్టు అమాంతం పైకెత్తింది. ఆవిడ చెయ్యి తక్కెడ కన్నా నమ్మకం. దారినపోయే విద్యార్థులు ఆగి చూశారు. పిచ్చుక కాళ్లు గాల్లో ఆడాయి.

కోళ్లమ్మ దించింది. మొహం ముడిపడింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది.

"ఏమైందే?" అన్నాడు మేస్త్రి.

"బరువెక్కింది."

పిచ్చుక కోటు దగ్గరికి లాక్కుంది. "కోటు బరువమ్మా…"

"నా చేతికి కోటు బరువెంతో, కోడి బరువెంతో తెలీదా?" కోళ్లమ్మ కూతురి బుగ్గని రెండు వేళ్లతో నొక్కి, వదిలి, గుంట పడిందేమో చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "బలుపు కాదయ్యా ఇది. వాపు. మేత సరిగ్గా లేని కోడి ఇలాగే పొంగుతుంది, తర్వాత ఒకరోజు పడిపోతుంది. నా తల్లే, ఏం తింటున్నావే ఇక్కడ?"

వాపుని చూసి బలుపు అనుకునేవాళ్లని లోకంలో చాలామందిని చూశాం. బలుపుని చూసి వాపు అనుకున్న మనిషి ఈవిడొక్కతే. పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. సిగ్గు కూడా వేసింది. ఊపిరి పీల్చుకున్నంత వెయ్యలేదు.

తల్లి బుట్ట గుడ్డ విప్పి, ఉడకబెట్టి ఉప్పు పట్టించిన గుడ్డొకటి కూతురి నోట్లో కుక్కింది. "ముందిది తిను." ఇంకోటి మొగుడి చేతిలో పెట్టింది. మేస్త్రి అది తిని, అలవాటుగా సీసా ఎత్తి సగం నీళ్లు తాగాడు.

"ఇక పద. నువ్వు రోజూ తినే చోటు చూపించు."

లైబ్రరీ ఎదురు హోటల్లో గోడ పక్క బల్ల దొరికింది. పిచ్చుక రోజూ వచ్చేదానిలా కుర్చీ లాగింది. కుర్చీ కాలు ఊడి చేతికొచ్చింది.

"రోజూ ఇదే కుర్చీయా?" అంది తల్లి.

"ఇవాళ మార్చినట్టున్నారు."

గల్లా పెట్టె దగ్గర కూర్చున్న ఆసామి పళ్లు కుట్టుకుంటూ వీళ్లని చూశాడు. పిచ్చుక నవ్వింది. అతను వెనక్కి తిరిగి, ఎవర్ని చూసి నవ్విందా అని వెతికాడు.

"ఏమే, నీ మొహం గుర్తుపట్టినట్టు లేడే."

"రద్దీ కదమ్మా, ఎంతమందినని గుర్తుంచుకుంటాడు?"

"నా గూట్లో ఎన్ని కోళ్లున్నాయి? అందులో ఏది గింజ తినలేదో నాకు తెలుస్తుందా లేదా?" అంది కోళ్లమ్మ. అయినా బంగాళాదుంప రాగానే ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. పిచ్చుక ఆవిడ దవడ వైపు చూస్తూ కూర్చుంది. "హూ" అంది కోళ్లమ్మ. "ఉప్పు లేదు. రుచి లేదు. కానీ ఉడికింది." ఇంకో ముక్క తుంచింది.

పాచిక పారుతోంది! ఇంకో రెండు ముక్కలు దిగితే చాలు, ఏడాది చదువు దక్కినట్టే. పిచ్చుక ఆనందంగా తండ్రి వైపు తిరిగింది. తండ్రి కుర్చీలో లేడు.

మేస్త్రి పొయ్యి చూడందే ముద్ద ఎత్తడు. అది ఆయన నియమం. వంటింటి తలుపు సందులోంచి పచ్చగా నాలుక చాస్తున్న మంట కనపడింది, బుసబుసమని చప్పుడు వినపడింది. దెబ్బ తగిలిన పిల్లాడి ఏడుపు విన్న డాక్టరులా సంచి పట్టుకుని లేచిపోయాడు. మిట్టమధ్యాహ్నం, హోటలు నిండా జనం, వంటవాడు ఉల్లిపాయల కోసం కొట్టుగదిలోకి వెళ్లాడు. ఇంకేం కావాలి? వంటవాడు తిరిగొచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. పొయ్యి తల ఊడి గట్టు మీద ఉంది. పక్కన మేస్త్రి గొంతుక్కూర్చుని సన్నటి తీగతో దాని కళ్లు పొడుస్తున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"అరవకు బాబూ. గొట్టం చివరుండే ఇత్తడి నాజిలు తీశా, మసి దులిపి ఒక్క నిమిషంలో నీలం మంట తెప్పిస్తా."

వంటవాడు నాజిలు సంగతి వినలేదు, మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. మేస్త్రి అప్పటికే తీసి పిడికిట్లో పెట్టుకున్న నాజిలు జారి, గట్టు మీద దొర్లి, తూములో పడింది. డబుక్కుమని చిన్న చప్పుడైంది. వేరుశనగ గింజంత వస్తువు. అది లేకపోతే ఆ పొయ్యి ఉట్టి ఇనుము.

ఆ తర్వాత జరిగిందంతా పిచ్చుక కళ్లు మూసుకునే విన్నది. వంటవాడి తిట్లు, గల్లా ఆసామి తిట్లు, తిండి ఆలస్యమైన విద్యార్థుల ఈలలు, వీటన్నిటికీ పైన తల్లి గొంతు: "మా ఆయన్ని రా అంటావా? రోజూ నా కూతురి డబ్బులు తింటూ, దాని మొహం గుర్తుపట్టలేదు గానీ!"

"నీ కూతుర్ని నేనెప్పుడు చూశానమ్మా?" అని గల్లా ఆసామి అరిచాడు. అది నిజమే. ఆ రోజు ఆ ఊళ్లో ఎవరైనా చెప్పిన మొదటి నిజం.

వీధిలోకొచ్చి పడ్డారు. కోళ్లమ్మ నడుము మీద చేతులు వేసుకుని మొగుణ్ణి చూసింది. "నువ్వు తినవు, తినేవాళ్లని తిననివ్వవు."

"పసుపు మంట మీద వండిన ఆ తిండి…"

"నీ మంటలో మన్ను పొయ్య."

పిచ్చుక మధ్యలో దూరింది. "సరేలే అమ్మా, హాస్టలుకి పోదాం. కాస్త పడుకోండి. సాయంత్రం చూద్దాం." హాస్టలుకి దగ్గర దారి పిన్ని సందులోంచి. పిచ్చుక దూరం దారి పట్టించింది. ఆటస్థలం చుట్టూ, నీళ్ల టాంకు పక్కనుంచి, లేబొరేటరీల వెనకగా తిప్పింది. ఎండ మాడుతోంది. గున్న కోట్లో పిచ్చుక ఆవిరి మీద పెట్టిన దుంపలా ఉడుకుతోంది. అయినా విప్పలేదు.

లేబొరేటరీల వెనక మలుపులో మేస్త్రి ఆగిపోయాడు. తల పక్కకి వంచాడు. "వినపడుతోందా?"

"ఏంటి?"

"పొయ్యి. చప్పుడు చూడు, పట్టు చిరిగినట్టు సన్నగా! మొగుడికన్నా భద్రంగా చూసుకుంటున్నారెవరో. పక్క సందులోనే."

"నాన్నా, వద్దు…" అంటూనే ఉంది పిచ్చుక. ఆయన సంచితో సందులోకి తిరిగాడు. కోళ్లమ్మ ఆయన వెనక పరుగెత్తింది, ఇంకో పొయ్యి విప్పకుండా పట్టుకోవడానికి.

ముగ్గురూ వరసగా పిన్ని గుమ్మం ముందుకి వచ్చారు. లోపల్నించి గరిటెతో సహా పిన్ని తల బయటపెట్టింది.

"ఏమే పిచ్చుకా! జ్వరమని గదికి పంపిన మూతగిన్నె ఏదే? తిన్న మనిషికి గిన్నె తెచ్చే ఓపిక రాలేదా? ఆ కోటేంటి, ఎవర్ని మింగి తొడుక్కున్నావ్? రా, గింజల సూపు దించుతున్నా. ఎవరు వీళ్లు?"

పిచ్చుక కోటు గుండీలు సర్దుకుంది. చివరికి "మా ఊరివాళ్లు" అంది. అబద్ధం కాదు.

"మీ ఊరివాళ్లైతే బయట ఎండలో నిలబెడతావేంటి? రా వదినా, రా అన్నయ్యా, వంగి రండి, గుమ్మం కొడుతుంది."

మేస్త్రి తల గుమ్మానికి కొట్టుకుంది. ఆయన పట్టించుకోలేదు. నేరుగా వంటింట్లోకి తొంగిచూసి, నీలం మంట చూసి, జన్మలో మొదటిసారి సంచి దించి కింద పెట్టి, బల్ల దగ్గర కూర్చున్నాడు. కోళ్లమ్మ కూతుర్ని చూసింది. కూతురు బల్ల మీది గీతల్ని చూసింది.

సూపు వచ్చింది. రొట్టె, సగానికి కోసిన గుడ్డు వచ్చాయి. కోళ్లమ్మ ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. గిన్నె ఖాళీ అవగానే పిన్ని అడక్కుండానే నింపేసింది.

"రోజూ వస్తుందా ఈ పిల్ల?" అంది కోళ్లమ్మ. తేనె పూసిన గొంతు. పిచ్చుకకి ఆ గొంతు తెలుసు. కొయ్యబోయే కోడిని దగ్గరికి పిలిచే గొంతు.

"పొద్దునా రాత్రీ. ఆదివారమైతే మధ్యాహ్నం కూడా."

"బాగా తింటుందా?"

"నాకు తిండి మిగిలిపోతుందన్న బెంగ లేకుండా చేసింది వదినా. పాపం, వచ్చిన కొత్తలో చూడాలి. ఇంటి దగ్గర వాళ్లమ్మకి కోళ్లే లోకమట. వాటికి గింజలు పోస్తూ పోస్తూ, గుర్తొస్తే దీనికింత పడేసేదట. 'ఇలాంటి ముద్ద పుట్టి ఎరగను పిన్నీ' అనేది. నాకు కడుపు తరుక్కుపోయి ఇంకో రొట్టె వేసేదాన్ని."

"అలాగా! ఇంకా ఏం చెప్పేది?"

"పిన్నీ, ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అంది పిచ్చుక పెద్దగా.

"నువ్వూరుకో. ఇంకా ఏం చెప్పేదంటే…"

"ఆ కోళ్లమ్మని నేనే" అంది కోళ్లమ్మ.

పిన్ని చేతిలో గరిటె సూపు కారుస్తూ ఉండిపోయింది. మేస్త్రి రొట్టె నమలడం ఆపలేదు గానీ చప్పుడు తగ్గించాడు. పక్క బల్లల మీది విద్యార్థులు పుస్తకాలు తెరిచారు, చదవడానికి కాదు.

"వదినా…" అంది పిన్ని మెల్లిగా, "నీకేం చెప్పేదేంటి ఇది?"

"ఇక్కడ గడ్డి పెడుతున్నారని."

"గడ్డా?" పిన్ని గరిటె తిప్పి పట్టుకుంది. ఇప్పటిదాకా ఎదురెదురుగా ఉన్న ఆడవాళ్లిద్దరూ ఒకే పక్కకి తిరిగారు. ఆ పక్కన పిచ్చుక ఉంది.

"కోటు విప్పు" అంది తల్లి.

విప్పింది. కోళ్లమ్మ లేచి, చంకల్లో చేతులు వేసి ఎత్తి, దించింది. "బలుపే" అంది. "వాపని బస్టాండులో ఏడ్చాను కదే, నలుగురి ముందు."

"మొదట్లో బాగుందన్నాను కదమ్మా!" అంది పిచ్చుక. "సరేలే అని పెట్టేశావ్. బాగోలేదన్నాక గంటసేపు మాట్లాడావ్. నేనేం చెయ్యను? ఇక్కడ పిన్నికి, ఇంట్లో అమ్మ బాగా పెట్టేదంటే గిన్నె పెట్టి వెళ్లిపోయేది. పెట్టేది కాదంటే పక్కన కూర్చునేది. నాకు ఇద్దరూ కావాలి."

ఆడవాళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. పిన్ని గరిటెని గిన్నెలో పెట్టింది. కోళ్లమ్మ బుట్ట ముందుకి లాగి, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, ఒక గుడ్డు తీసి పిన్ని చేతిలో పెట్టింది.

"నీ వంటకేం గానీ, నీ గుడ్లు మాత్రం నిలవవి. సొన పాలిపోయింది. ఇది చూడు."

పిన్ని విరిచి చూసింది. నిండు పొద్దులా ఉంది సొన. "ఆహా" అని సగం కొరికింది. నమిలింది. మింగింది. ఏమీ అనకుండా నీళ్ల చెంబు అందుకుని గటగటా తాగింది. మేస్త్రి ఆవిడ వైపు, ఒకే జబ్బున్నవాళ్లు ఆస్పత్రిలో ఒకర్నొకరు చూసుకున్నట్టు చూశాడు.

"ఇలాంటి గుడ్లు శనివారం శనివారం నేనే తెస్తాను" అంది కోళ్లమ్మ. "తెచ్చినప్పుడల్లా దీన్ని ఎత్తి చూస్తాను. కానీ అదంతా తర్వాత. ముందు దీన్ని ఇక్కడ ఉంచాలా, తీసుకుపోవాలా అన్నది తేలాలి." కూతురి ఎదురుగా కూర్చుంది. "తిండికి వంక పెట్టను. వంక నీ నోటికే ఉంది. ఇక్కడున్నన్నాళ్లూ నాకొక కథ, ఆవిడకొక కథ. అబద్ధం చదవడానికైతే కాలేజీ ఎందుకు, టైలరమ్మ దగ్గర కూర్చో. ఒక్క నిజం చెప్పు. మా ఇద్దరి ముందూ, మొహమాటం లేకుండా ఒక్కటంటే ఒక్క నిజం. చెబితే ఉంటావ్. నీళ్లు నమిలావా, సాయంత్రం బస్సు."

"అడుగు."

"ఎవరి వంట బాగుంటుంది? నాదా, ఈవిడదా?"

పిన్ని గరిటె తీసి మళ్లీ పట్టుకుంది. వంటింట్లో పొయ్యి పట్టు చింపుతోంది. మేస్త్రి కూతురి వైపు చూసి, తల అడ్డంగానో నిలువుగానో అర్థం కాకుండా ఊపాడు. పక్క బల్ల మీద ఎవరో పుస్తకం పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పారు.

పిచ్చుక తల్లి కళ్లలోకి చూసింది.

"పిన్నిదేనమ్మా. నువ్వు అన్నిట్లోనూ ఉప్పు ఎక్కువేస్తావ్. నాన్న ఇన్నేళ్లుగా అన్నేసి నీళ్లు తాగుతున్నది దాహం వేసి కాదు."